వెన్నుపాము గాయాలు – రకాలు, ప్రభావాలు, సంరక్షణ: బస్తర్ అటవీ ప్రాంతం నేపథ్యంలో

మెదడు ఇచ్చే ఆజ్ఞలను అవయవాలకు, అవయవాలు గ్రహించే స్పర్శను మెదడుకు చేరవేసే ప్రధాన మార్గం వెన్నుపాము. ప్రమాదం వల్ల గాని, వ్యాధి వల్ల గాని ఈ మార్గం దెబ్బతిన్నప్పుడు, దెబ్బ తగిలిన చోటికి దిగువనున్న శరీర భాగాల్లో కదలిక, స్పర్శ, మలమూత్రాలపై అదుపు పాక్షికంగానో పూర్తిగానో నశిస్తాయి. ప్రపంచవ్యాప్తంగా కోటీ 50 లక్షల మందికి పైగా ప్రజలు వెన్నుపాము గాయాలతో జీవిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో తెలిపింది. ఎత్తు నుంచి పడిపోవడం, రహదారి ప్రమాదాలు, హింస ఈ గాయాలకు ప్రధాన కారణాలు. ఛత్తీస్‌గఢ్ దక్షిణ భాగంలోని బస్తర్ ప్రాంత ప్రజలకు ఈ మూడు ప్రమాదాలూ కొత్తవి కావు.

వెన్నుపాముకు దెబ్బ తగిలేది క్షణకాలంలోనే. తెగిన నాడీ తంతువులను మళ్లీ అతికించగల వైద్యం నేటికీ లేదు. అయితే ఆ క్షణం తరువాత జరిగే నష్టంలో చాలా భాగం నివారించదగినది. క్షతగాత్రుణ్ణి ఎలా ఎత్తారు, ఎంత త్వరగా ఆసుపత్రికి చేర్చారు, ఇంటికి వచ్చాక చర్మాన్ని, మూత్రాశయాన్ని ఎలా కాపాడుకున్నారు అనే అంశాలపైనే అతడి ఆయుర్దాయం, జీవన విధానం ఆధారపడి ఉంటాయి. వాహనం వచ్చే దారికి మైళ్ల దూరంలో ఉన్న అటవీ గ్రామాల్లో ఈ అవగాహన ప్రాణాధారం.

వెన్నుపాము నిర్మాణం

వెన్నెముకలో 33 పూసలు ఉంటాయి. వీటిలో 7 మెడ భాగంలో, 12 ఛాతీ వెనుక, 5 నడుము భాగంలో ఉంటాయి. కటి భాగంలోని 5 పూసలు ఒకే ఎముకగా, చివరనున్న 4 చిన్న పూసలు తోక ఎముకగా కలిసిపోయి ఉంటాయి. ఈ పూసల నడుమ ఏర్పడిన ఎముకల గొట్టంలో వెన్నుపాము భద్రంగా ఉంటుంది. వయోజనుల్లో దీని పొడవు సుమారు 45 సెంటీమీటర్లు, మందం చిటికెన వేలంత. దీని నుంచి 31 జతల నాడులు ఇరువైపులా శరీరంలోకి విస్తరిస్తాయి.

వెన్నుపాము వెన్నెముక చివరి వరకు ఉండదు. నడుము భాగంలోని 1, 2 పూసల సమీపంలోనే అది ముగుస్తుంది. అక్కడి నుంచి కిందికి నాడులు మాత్రమే గుర్రపు తోక వెంట్రుకల వలె సాగుతాయి. ఆ నాడీ సముదాయానికి దెబ్బ తగిలితే వెన్నుపాము గాయంతో పోల్చినప్పుడు కోలుకునే అవకాశం కొంత ఎక్కువ. పూస విరిగినంత మాత్రాన వెన్నుపాము దెబ్బతిన్నట్లు కాదు. పూస విరగకపోయినా వెన్నుపాముకు గాయమయ్యే సందర్భాలూ ఉన్నాయి. అందువల్ల బయటికి గాయం కనిపించకపోయినా ప్రమాదం లేదని భావించరాదు.

బస్తర్‌లో కారణాలు

పాత బస్తర్ జిల్లా వైశాల్యం 39,000 చదరపు కిలోమీటర్లకు పైగా ఉండేది. అది కేరళ రాష్ట్రం కంటే పెద్దది. నేడు ఆ ప్రాంతం బస్తర్, కాంకేర్, కొండగావ్, నారాయణపూర్, దంతెవాడ, బీజాపూర్, సుక్మా అనే 7 జిల్లాలుగా ఉంది. ఇక్కడి ఆదివాసీల జీవనం చెట్టుతో ముడిపడి ఉంది. ఇప్పపూలు తమంతట తామే రాలుతాయి, తునికాకును పొదల నుంచి కోస్తారు కనుక ఈ రెండింటికీ ఎత్తైన చెట్లు ఎక్కవలసిన అవసరం లేదు. చింతపండు విషయం అలా కాదు. జగ్దల్‌పూర్ చింతపండు వ్యాపారానికి దేశంలో పేరొందిన కేంద్రం. వేసవికి ముందు కాయలు దులపడానికి కొమ్మల చివరల దాకా వెళ్లవలసి ఉంటుంది. బస్తర్ వాసులు సల్ఫీ అనీ, తెలుగు ఏజెన్సీ ప్రాంతాల వారు జీలుగు అనీ పిలిచే చెట్టు నుంచి కల్లు తీయడానికి నిటారైన మాను పైకి ఎక్కుతారు. తడిసిన బెరడు, ఎండిన కొమ్మ, పాతబడిన వెదురు నిచ్చెన, తాగిన మత్తు – వీటిలో ఏది తోడైనా పట్టు తప్పుతుంది.

చెట్టు నుంచి పడినవారు కాళ్లపై గాని, పిరుదులపై గాని నేలను తాకితే శరీర భారమంతా ఛాతీ, నడుము కలిసే చోటనున్న పూసలపై పడుతుంది. ఛాతీ చివరి పూస, నడుము మొదటి పూస ఎక్కువగా నలిగేది అందుకే. తల ముందుగా నేలను తాకితే మెడ పూసలు విరుగుతాయి.

రెండవ కారణం రహదారులు. రాయ్‌పూర్ నుంచి కాంకేర్, కొండగావ్, జగ్దల్‌పూర్, సుక్మా, కోంటాల మీదుగా భద్రాచలం వైపు సాగే 30వ నంబరు జాతీయ రహదారి ఈ ప్రాంతానికి జీవనాడి. కేశ్‌కాల్ ఘాట్ వంటి మలుపుల దారిలోనూ, వేగం పెరిగిన నున్నని రోడ్లపైనా ప్రమాదాలు జరుగుతుంటాయి. శిరస్త్రాణం లేని ద్విచక్ర వాహన చోదకులు, సరుకుల వాహనాల వెనుక భాగంలో సంతలకు, పెళ్లిళ్లకు ప్రయాణించే గ్రామస్థులు వీటిలో ఎక్కువగా నష్టపోతారు.

మూడవ కారణం దశాబ్దాల సాయుధ సంఘర్షణ. మందుపాతర వాహనం కింద పేలినప్పుడు అడుగు నుంచి వచ్చే ఒత్తిడి కూర్చున్నవారి వెన్నెముక గుండా పైకి ప్రసరిస్తుంది. పూస పగిలి, దాని ముక్కలు వెన్నుపాములోకి చొచ్చుకుపోతాయి. తూటా గాయాల్లో వెన్నుపాము నేరుగా తెగిపోవచ్చు. భద్రతా సిబ్బందితో పాటు, అడవి దారుల్లో పాతిపెట్టిన పేలుడు పదార్థాలపై కాలు వేసిన సాధారణ పౌరులూ బాధితులయ్యారు.

ప్రమాదం ఏదీ లేకుండానే వెన్నుపామును దెబ్బతీసే వ్యాధి వెన్నెముక క్షయ. ఆంగ్ల శస్త్రవైద్యుడు పర్సివాల్ పాట్ 1779లో దీనిని వర్ణించాడు. నెలల తరబడి తగ్గని వెన్నునొప్పి, సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం, వీపుపై గూని వంటి ఉబ్బు, ఆపై కాళ్లలో బలహీనత దీని లక్షణాలు. ఊపిరితిత్తుల క్షయ వలె దగ్గు ఉండకపోవచ్చు. క్షయ మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా లభిస్తాయి. సకాలంలో గుర్తిస్తే కాళ్లు చచ్చుబడినవారు సైతం తిరిగి నడిచే అవకాశం ఉంది. వెన్నుపాము గాయాలన్నింటిలో పూర్తిగా నయం కాగల అవకాశం ఎక్కువగా ఉన్నది ఇదే. కణుతులు, వెన్నుపాము వాపు, వయసుతో పాటు మెడ పూసల అరుగుదల ఇతర కారణాలు.

తొలి దెబ్బ, మలి దెబ్బ

వైద్యులు గాయాన్ని రెండు దశలుగా చూస్తారు. ఎముక విరిగి వెన్నుపామును నలిపిన క్షణంలో జరిగేది తొలి దెబ్బ. ఆ తరువాత గంటల నుంచి వారాల వరకు కొనసాగేది మలి దెబ్బ. గాయమైన చోట రక్తస్రావం, వాపు, రక్త ప్రసరణ తగ్గడం, ప్రాణవాయువు అందకపోవడం వంటి కారణాలతో అప్పటి వరకు బతికి ఉన్న కణాలు కూడా నశిస్తాయి. రక్తపోటు పడిపోయినా, శ్వాస సరిగా అందకపోయినా, విరిగిన పూసను కదిలించినా మలి దెబ్బ తీవ్రమవుతుంది. మానవ ప్రయత్నంతో అడ్డుకోగలిగినది ఈ రెండవ దశనే.

పూర్తి గాయం, అసంపూర్ణ గాయం

గాయం స్థాయికి దిగువన, మలద్వారం వద్ద సైతం, స్పర్శ గాని కదలిక గాని ఏమాత్రం లేకపోతే దానిని పూర్తి గాయం అంటారు. మలద్వారం వద్ద ఏ కొద్దిపాటి స్పర్శ ఉన్నా, కండరాన్ని బిగించగలిగినా అది అసంపూర్ణ గాయం. చిన్నదిగా కనిపించే ఈ తేడా రోగి భవిష్యత్తును సూచిస్తుంది. అసంపూర్ణ గాయాల్లో కోలుకునే అవకాశం గణనీయంగా ఎక్కువ.

అమెరికన్ స్పైనల్ ఇంజురీ అసోసియేషన్ రూపొందించిన కొలమానం ప్రకారం తీవ్రతను ఎ నుంచి ఇ వరకు 5 తరగతులుగా విభజిస్తారు. ‘ఎ’ అంటే పూర్తి గాయం. ‘బి’లో స్పర్శ మిగిలి ఉంటుంది గాని కదలిక ఉండదు. ‘సి’లో కొంత కదలిక ఉన్నా, సగానికి పైగా ముఖ్య కండరాలు తమ బరువును తామే ఎత్తలేవు. ‘డి’లో కనీసం సగం ముఖ్య కండరాలకు ఆ శక్తి ఉంటుంది. ‘ఇ’ అంటే స్పర్శ, కదలిక సాధారణ స్థితికి చేరడం.

ప్రమాదం జరిగిన వెంటనే చేసే అంచనా తుది తీర్పు కాదు. తొలి రోజుల్లో, కొన్నిసార్లు వారాల పాటు, వెన్నుపాము తాత్కాలికంగా స్తంభించిపోతుంది. కాళ్లు వేలాడిపోతాయి, ప్రతిచర్యలు ఆగిపోతాయి. ఈ స్థితి తొలగిన తరువాతే అసలు నష్టం ఎంతో స్పష్టమవుతుంది.

అసంపూర్ణ గాయాల్లో వెన్నుపాములోని ఏ భాగం దెబ్బతిన్నదనే దానిని బట్టి లక్షణాలు మారతాయి. వెన్నుపాము మధ్యభాగం దెబ్బతింటే కాళ్ల కంటే చేతులు ఎక్కువగా బలహీనపడతాయి. మెడ పూసలు అరిగిన వృద్ధులు గడప తగిలి ముందుకు పడినా ఈ గాయం కావచ్చు. సగభాగం మాత్రమే తెగితే ఒకవైపు కదలిక పోతుంది, రెండో వైపు నొప్పి, వేడి, చల్లదనం తెలియవు. కత్తిపోట్లలో కనిపించే ఈ లక్షణ సముదాయాన్ని 19వ శతాబ్దపు శాస్త్రవేత్త బ్రౌన్-సెకార్డ్ పేరుతో పిలుస్తారు. ముందుభాగం దెబ్బతింటే కదలిక, నొప్పి తెలియడం పోయినా, అవయవం ఏ స్థితిలో ఉన్నదో తెలిపే జ్ఞానం మిగులుతుంది.

గాయం స్థాయి, మిగిలే శక్తి

గాయం ఎంత పైన ఉంటే నష్టం అంత ఎక్కువ. మెడ భాగంలో గాయమైతే కాళ్లు, చేతులు నాలుగూ చచ్చుబడతాయి. దీనిని క్వాడ్రిప్లీజియా అంటారు. ఛాతీ, నడుము భాగాల్లో గాయమైతే చేతులకు శక్తి ఉంటుంది, కాళ్లు చచ్చుబడతాయి. ఇది పారాప్లీజియా.

ఊపిరి తీయడానికి తోడ్పడే ఉదర వితాన కండరానికి మెడలోని 3, 4, 5 నాడుల నుంచి ఆజ్ఞలు అందుతాయి. దానికి పైన గాయమైతే కృత్రిమ శ్వాస లేనిదే ప్రాణం నిలవదు. మెడ 5వ స్థాయి మిగిలి ఉంటే మోచేతిని వంచగలరు. 6వ స్థాయి మిగిలితే మణికట్టును పైకెత్తగలరు, పట్టీల సాయంతో చెంచా పట్టుకుని తినగలరు. 7వ స్థాయి మిగిలితే మోచేతిని చాపగలరు కనుక శరీరాన్ని చేతులపై ఎత్తి మంచం నుంచి చక్రాల కుర్చీలోకి మారగలరు. ఛాతీ భాగపు గాయాల్లో చేతులు పూర్తిగా పనిచేస్తాయి, దిగువ స్థాయికి వెళ్లే కొద్దీ నడుము నిలకడ పెరుగుతుంది. నడుము 3వ స్థాయి మిగిలి ఉంటే మోకాలిని చాపగలరు. అటువంటివారు కాళ్లకు ఊతపట్టీలు, చంకకర్రల సాయంతో నడవగలరు. కటి భాగపు 2, 3, 4 నాడులు మలమూత్ర విసర్జనను, లైంగిక చర్యను నియంత్రిస్తాయి. అందువల్ల గాయం ఏ స్థాయిలో ఉన్నా ఈ విధులు దెబ్బతినే అవకాశం ఉంటుంది.

కంటికి కనిపించని ప్రభావాలు

కాళ్లు కదలకపోవడం బయటికి కనిపించే నష్టం. ప్రాణానికి ముప్పు తెచ్చేవి ఎక్కువగా కనిపించనివే.

మూత్రాశయం: మూత్రం నిండినట్లు తెలియదు, పూర్తిగా ఖాళీ కాదు. నిలిచిన మూత్రంలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. వెనక్కి తన్నిన ఒత్తిడి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ప్రతి 4 నుంచి 6 గంటలకు ఒకసారి శుభ్రమైన సన్నని గొట్టంతో మూత్రాన్ని తీసివేసే పద్ధతిని అమెరికా వైద్యుడు జాక్ లాపిడెస్ 1972లో ప్రచారంలోకి తెచ్చాడు. చేతులు పనిచేసే రోగి దీనిని స్వయంగా నేర్చుకోగలడు. సబ్బుతో చేతులు కడుక్కోవడం, వేళ తప్పకపోవడం ఇందులో ముఖ్యం.

చర్మం: స్పర్శ లేని శరీరం ఒకే భంగిమలో గంటల తరబడి ఉంటే ఎముక ఉబ్బెత్తుగా ఉన్న చోట రక్త ప్రసరణ ఆగి పుండు పడుతుంది. తుంటి, పిరుదులు, మడమలు, వెన్ను చివర దీనికి స్థానాలు. ఎర్రబడిన మచ్చతో మొదలై ఎముక దాకా చేరి, రక్తం విషపూరితమై మరణానికి దారితీయగలదు. మంచంపై ఉన్నవారిని ప్రతి 2 గంటలకు పక్క మార్చాలి. కుర్చీలో ఉన్నవారు తరచుగా చేతులపై శరీరాన్ని ఎత్తి ఒత్తిడి తగ్గించుకోవాలి. ప్రతి రోజూ అద్దం సాయంతో గాని, కుటుంబ సభ్యుల చేత గాని చర్మాన్ని పరీక్షించుకోవాలి. చలికాలంలో నెగడు పక్కన పడుకునే అలవాటున్న గ్రామాల్లో మరొక ప్రమాదం ఉంది. కాలు కాలుతున్నా రోగికి తెలియదు. చీమలు కుట్టినా, ఎలుక కొరికినా తెలియదు.

రక్తపోటు: ఛాతీ 6వ స్థాయి గాని, అంతకు పైన గాని గాయమైనవారిలో ఆకస్మికంగా రక్తపోటు ప్రమాదకరంగా పెరిగే స్థితి ఏర్పడవచ్చు. తీవ్రమైన తలనొప్పి, ముఖం ఎర్రబడటం, గాయానికి పైన చెమటలు దీని గుర్తులు. నిండిన మూత్రాశయం, గట్టిపడిన మలం, బిగుతైన దుస్తులు, గోరు గుచ్చుకోవడం వంటివే దీనికి కారణమవుతాయి. రోగిని వెంటనే కూర్చోబెట్టి, దుస్తులు వదులు చేసి, మూత్రం ఖాళీ చేయాలి. లక్షణాలు తగ్గకపోతే ఆలస్యం లేకుండా ఆసుపత్రికి చేర్చాలి. వీరికి గాయం దిగువన చెమట పట్టదు కనుక వేసవిలో వడదెబ్బ ముప్పు కూడా ఎక్కువ.

ఇతర ప్రభావాలు: కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టడం, దగ్గలేక ఊపిరితిత్తుల్లో కఫం నిలవడం, మలబద్ధకం, కండరాలు బిగుసుకుని ఎగిరిపడటం, ఎముకలు పెళుసుబారడం, స్పర్శ లేని చోటే మంట వంటి నొప్పి కలగడం సాధారణం. స్త్రీలలో కొన్ని నెలల పాటు ఆగిన రుతుక్రమం తిరిగి వస్తుంది, గర్భం ధరించి బిడ్డను కనడం సాధ్యమే. పురుషుల లైంగిక, సంతాన సమస్యలకు చికిత్సలు ఉన్నాయి. సంకోచంతో ఈ విషయాలను అడగకపోవడం వల్ల అనేక కుటుంబాలు అనవసరంగా నలిగిపోతున్నాయి. కుంగుబాటు మరొక తీవ్ర సమస్య. మానసిక సహాయానికి టెలీ మానస్ ఉచిత నంబరు 14416 అందుబాటులో ఉంది.

ఎత్తే తీరులోనే సగం రక్షణ

చెట్టు నుంచి పడినవారు, రహదారి ప్రమాదానికి గురైనవారు మెడ లేదా వీపు నొప్పి ఉన్నదని చెప్పినా, కాళ్లు చేతులు తిమ్మిరెక్కాయన్నా, కదలడం లేదన్నా, స్పృహలో లేకపోయినా వెన్నుపాముకు గాయమైందనే భావించి వ్యవహరించాలి. లేపి కూర్చోబెట్టడం, నడిపించి చూడటం, భుజాలు, కాళ్లు పట్టుకుని ఎత్తడం చేయరాదు. నీళ్లు తాగించరాదు. మర్దన చేయడం, వెన్ను లాగడం, కట్లు కట్టడం ప్రమాదకరం. ఊరిలోని వైద్యుడిపై ఎంత నమ్మకమున్నా ఈ గాయం విషయంలో ఆసుపత్రే తొలి గమ్యం కావాలి.

బస్తర్‌లోనూ, సరిహద్దుకు ఇవతలి తెలుగు ఏజెన్సీ గ్రామాల్లోనూ రోగులను కర్రకు కట్టిన గుడ్డ డోలీలో, మంచంపై మోసుకొస్తారు. జ్వరపీడితులకు, గర్భిణులకు ఆధారమైన ఆ డోలీ వెన్ను విరిగినవారికి హాని చేస్తుంది. గుడ్డలో శరీరం విల్లు వలె వంగి, విరిగిన పూస వెన్నుపామును మరింత నొక్కుతుంది. నులక మంచం కూడా మధ్యలో కుంగుతుంది. ఊడదీసిన తలుపు చెక్క, వరుసగా బిగించి కట్టిన వెదురు బద్దలు, బల్ల – సమతలంగా, గట్టిగా ఉన్న ఏ ఆధారమైనా మేలు. మంచం తప్ప మరొకటి లేకపోతే దానిపై చెక్కలు పరచాలి.

క్షతగాత్రుణ్ణి చెక్కపైకి చేర్చడానికి కనీసం నలుగురు కావాలి. ఒకరు తల, మెడలను రెండు చేతులతో కదలకుండా పట్టుకోవాలి. ఆ వ్యక్తి లెక్కపెట్టగానే మిగిలిన ముగ్గురు భుజం, నడుము, కాళ్లను పట్టుకుని దుంగను దొర్లించినట్లు శరీరమంతటినీ ఒకేసారి పక్కకు తిప్పాలి, చెక్కను వీపు కిందికి జరిపి తిరిగి వెల్లకిలా చేయాలి. తలకు ఇరువైపులా చుట్టిన తువ్వాళ్లు పెట్టి, నుదురు, ఛాతీ, తొడలను చెక్కకు కట్టాలి. వాంతి వస్తే చెక్కతో సహా పక్కకు తిప్పాలి. జేబులోని తాళాలు, నాణేలు వంటివి తీసివేయాలి. స్పర్శ లేని చోట అవి కొన్ని గంటల్లోనే పుండు పుట్టిస్తాయి. రక్తస్రావం ఆపడం, ఊపిరి ఆడేలా చూడటం వీటన్నిటి కంటే ముందు చేయవలసిన పనులు. ఇద్దరి మధ్య కూర్చోబెట్టి ద్విచక్ర వాహనంపై తరలించడం ఎట్టి పరిస్థితుల్లోనూ తగదు. అంబులెన్సు కోసం 108 నంబరుకు ఫోన్ చేసినప్పుడు వెన్నుకు దెబ్బ తగిలిందని ముందే చెప్పాలి.

ఆసుపత్రిలో చికిత్స

జగ్దల్‌పూర్ సమీపంలోని డిమ్రాపాల్‌లో ఉన్న బలిరాం కశ్యప్ స్మారక ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి బస్తర్ ప్రాంతానికి పెద్ద దిక్కు. ఉన్నత చికిత్సకు సుమారు 300 కిలోమీటర్ల దూరంలోని రాయ్‌పూర్‌కు, అక్కడి ఎయిమ్స్‌కు వెళ్లవలసి ఉంటుంది. దక్షిణాన కోంటా వాసులకు భద్రాచలం, భోపాలపట్నం పరిసరాల వారికి వరంగల్ చేరువ. అందువల్ల బస్తర్ క్షతగాత్రుల సంరక్షణ తెలంగాణ ఆసుపత్రుల బాధ్యత కూడా అవుతోంది.

ఆసుపత్రిలో తొలుత శ్వాస, రక్తపోటులను నిలబెడతారు. ఎక్స్‌రే, సీటీ స్కాన్‌లతో ఎముకను, ఎంఆర్ఐతో వెన్నుపామును పరిశీలిస్తారు. వెన్నుపామును నొక్కుతున్న ఎముక ముక్కలను తొలగించి, లోహపు మరలు, కడ్డీలతో వెన్నెముకను స్థిరపరిచే శస్త్రచికిత్స 24 గంటల్లోపు జరిగితే ఫలితాలు మెరుగ్గా ఉంటాయని పరిశోధనలు సూచిస్తున్నాయి. శస్త్రచికిత్స వెన్నెముకకే గాని తెగిన వెన్నుపాముకు కాదన్న విషయం కుటుంబానికి స్పష్టంగా తెలియాలి. మూలకణాలతో కాళ్లు తిరిగి వస్తాయని చెప్పి లక్షలు వసూలు చేసే ప్రకటనలను నమ్మరాదు. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు కొన్ని రక్త సంబంధ వ్యాధులకు మినహా మూలకణ చికిత్సను సాధారణ వైద్యంగా ఆమోదించలేదు.

పునరావాసం మార్చిన చరిత్ర

సుమారు క్రీ.పూ. 1600 నాటి ఈజిప్టు వైద్య పత్రం ఒకటి మెడ పూస తప్పి చేతులు, కాళ్లు చచ్చుబడిన రోగిని వర్ణించి, ఇది చికిత్స చేయదగినది కాదని పేర్కొన్నది. మొదటి ప్రపంచ యుద్ధ కాలం వరకు పరిస్థితి పెద్దగా మారలేదు. పుండ్లు, మూత్ర సంక్రమణలతో అత్యధికులు మరణించేవారు. జర్మనీ నుంచి శరణార్థిగా బ్రిటన్ చేరిన వైద్యుడు లుడ్విగ్ గుట్‌మన్ 1944లో స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో ప్రత్యేక విభాగాన్ని ప్రారంభించి, వేళకు పక్క మార్చడం, మూత్రాశయ సంరక్షణ, వ్యాయామం, వృత్తి శిక్షణలను చికిత్సలో భాగం చేశాడు. 1948 జూలై 29న ఆయన 16 మంది రోగులతో నిర్వహించిన విలువిద్య పోటీయే పారాలింపిక్ క్రీడలకు నాంది. ఆ మార్పు తెచ్చింది కొత్త మందు కాదు, క్రమం తప్పని సంరక్షణ.

భారతదేశంలో ఈ మార్గానికి ఆద్యురాలు వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు చెందిన డాక్టర్ మేరీ వర్గీస్. 1954లో రోడ్డు ప్రమాదంలో ఆమె రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. 1966లో వేలూరులో పునరావాస కేంద్రం నెలకొనడానికి కారకులయ్యారు. 1965లో ఎవరెస్టును అధిరోహించిన మేజర్ హెచ్.పి.ఎస్. అహ్లూవాలియా అదే ఏడాది యుద్ధంలో తూటా తగిలి వెన్నుపాము దెబ్బతిన్న తరువాత ఢిల్లీలో ఇండియన్ స్పైనల్ ఇంజురీస్ సెంటర్‌ను స్థాపించారు. అదే యుద్ధంలో గాయపడిన మురళీకాంత్ పేట్కర్ 1972 హైడెల్‌బర్గ్ పారాలింపిక్స్ ఈత పోటీలో భారత్‌కు స్వర్ణం తెచ్చారు. గాయపడిన కేంద్ర రిజర్వు పోలీసు దళ జవాన్లకు హైదరాబాద్ సమీపంలోని హకీంపేటలో నెలకొన్న జాతీయ దివ్యాంగ సాధికారత కేంద్రం సాంకేతిక విద్యలో, క్రీడల్లో శిక్షణ ఇస్తోంది.

అటవీ గ్రామంలోని పౌరుడికి ఈ పునరావాసం ఇంకా అందవలసి ఉంది. మట్టిదారిలో నగరపు చక్రాల కుర్చీ కదలదు. గడపలు, బయలుకు వెళ్లే అలవాటు, నేలపై కూర్చుని చేసే పనులు రోగిని ఇంటికే బందీ చేస్తాయి. పెద్ద చక్రాల మూడు చక్రాల బండి, గడప వద్ద మట్టి వాలు, కూర్చునే మరుగుదొడ్డి, మంచం పక్కన పట్టుకోవడానికి వెదురు కమ్మీ వంటి మార్పులు స్వల్ప ఖర్చుతో సాధ్యం. చేతులు పనిచేసేవారు బుట్టలల్లడం, కుట్టుపని, చిల్లర దుకాణం వంటి జీవనోపాధిని కొనసాగించగలరు.

హక్కులు, సహాయం

దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 ప్రకారం 40 శాతం లేదా అంతకు మించిన వైకల్యం ధ్రువీకరణ పొందినవారు ప్రభుత్వోద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్‌కు, ఇతర పథకాలకు అర్హులు. విశిష్ట దివ్యాంగ గుర్తింపు కార్డు దేశమంతటా చెల్లుతుంది. ఆయుష్మాన్ భారత్ కింద అర్హత గల కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి చికిత్స లభిస్తుంది. రహదారి ప్రమాద బాధితులకు తొలి 7 రోజుల్లో లక్షా 50 వేల రూపాయల వరకు నగదు రహిత చికిత్స అందించే కేంద్ర పథకం 2025 మే నెల నుంచి అమల్లోకి వచ్చింది. క్షతగాత్రులకు సాయపడినవారిని వేధింపుల నుంచి రక్షించే నిబంధనను 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చారు. పునరావాస సేవలకు ఛత్తీస్‌గఢ్‌లోని రాజ్‌నంద్‌గావ్‌లో కేంద్ర ప్రభుత్వ ప్రాంతీయ కేంద్రం ఉంది.

నివారణే మేలైన చికిత్స

తాటిచెట్లు ఎక్కే గీత కార్మికుల కోసం తెలంగాణ ప్రభుత్వం 2024 జూలైలో కాటమయ్య రక్షణ కవచం పేరుతో భద్రతా పరికరాల పంపిణీని ప్రారంభించింది. నడుముకు, తొడలకు బిగించే పట్టీ, తాడు, కొక్కెం ఉంటే కాలు జారినా మనిషి నేలను తాకడు. సల్ఫీ, చింత చెట్లు ఎక్కేవారికీ ఇదే సూత్రం వర్తిస్తుంది. వాన పడిన రోజున, మద్యం సేవించిన తరువాత, ఒంటరిగా చెట్టు ఎక్కకపోవడం, ప్రతి ఏడాది నిచ్చెనను మార్చడం, నేల నుంచే పొడవాటి కొక్కెం కర్రతో కాయలు దులపడం ఖర్చు లేని జాగ్రత్తలు. వెనుక కూర్చున్నవారు సైతం శిరస్త్రాణం ధరించడం, సరుకుల వాహనాల్లో మనుషులను ఎక్కించకపోవడం రహదారి గాయాలను తగ్గిస్తాయి.

ఆకాశవాణి జగ్దల్‌పూర్ కేంద్రం హల్బీ, గోండీ వంటి స్థానిక భాషల్లో కార్యక్రమాలు ప్రసారం చేస్తోంది. సరిహద్దు గ్రామాల్లో తెలుగు కూడా వాడుకలో ఉంది. నలుగురు కలిసి దుంగ వలె తిప్పి, చెక్కపై మోయాలన్న ఒక్క సూచన ఈ భాషలన్నిటిలో ప్రతి ఊరి మితానిన్‌కు, ఆశా కార్యకర్తకు, సంతకు వచ్చే ప్రతి యువకుడికి చేరితే, రేపు చెట్టు నుంచి పడే వ్యక్తి మంచానికే పరిమితమవుతాడా, తన పని తాను చేసుకోగలుగుతాడా అన్నది ఆసుపత్రికి చేరకముందే నిర్ణయం కాగలదు.